మైకు బాబాయ్ జవాబులు: ఆ కచేరీకి టికెట్ దొరికుంటే

పోయిన సంచికలో నేనే ఒక ప్రశ్న వేశాను. జరిగిపోయిన కచేరీల్లో ఏదో ఒక్కదానికి వెళ్లి కూర్చునే వీలు దొరికితే దేనికి వెళ్తారు అని. మీరు జవాబులు రాస్తారనుకుంటే, సగం మంది తిరిగి నన్నే అడిగారు. సరే, కానివ్వండి.

కొత్తగా చదివేవాళ్లకి ఒక మాట. నేను సంగీత విద్వాంసుణ్ణి కాను. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మైకుసెట్టు నడిపినవాణ్ణి. పెళ్లయినా, తిరనాళ్లయినా, హరికథయినా, ఎన్నికల సభయినా చెట్టెక్కి హారన్ కట్టడమే నా పని. అందుకని నా జవాబుల్లో రాగం కన్నా ముందు 'అసలు వినపడిందా' అన్న మాట వస్తుంది. ఓర్చుకోండి.

బాబాయ్, నాకు ఇంగ్లండ్ పాటల బృందం బీటిల్స్ అంటే పిచ్చి. 1965లో న్యూయార్క్ షే స్టేడియంలో వాళ్లు చేసిన ప్రోగ్రాం వీడియో ఎన్నిసార్లు చూశానో. నేను పుట్టాల్సింది అప్పుడు. మీరైతే అక్కడికే వెళ్లేవాళ్లా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, ఒంగోలు

వెళ్తానంటే వద్దనను నాయనా. పాట వినడానికి మాత్రం వెళ్లొద్దు. ఆగస్టు 15న ఆ స్టేడియంలో 55,600 మంది జనం. వాళ్ల గిటార్ల కోసమని వాక్స్ కంపెనీ వంద వాట్ల ఆంప్లిఫయర్లు ఇచ్చింది. వంద వాట్లు! ఇప్పుడు మా వీధి పిల్లలు వినాయకుడి పందిట్లో అంతకు పదింతలు పెడుతున్నారు. ఇక గొంతులు వినపడింది దేంట్లోంచి అనుకున్నావు? బేస్‌బాల్ ఆటకి ప్రకటనలు చదివే స్టేడియం స్పీకర్లలోంచి. దాని మీద వేల మంది ఆడపిల్లల కేకలు, ఏడుపులు.

స్టేజి మీద ఉన్న నలుగురికీ తమ పాట తమకే వినపడలేదు. ఇప్పుడు గాయకుడి కాళ్ల దగ్గర వాలుగా ఒక బాక్సు పెడతాం చూడు, మానిటర్ అంటాం, అది వాళ్లకి లేదు. డ్రమ్స్ దగ్గర కూర్చున్న రింగో స్టార్ ముందున్నవాళ్ల ఒళ్లు ఊగే తీరు చూసి పాట ఎక్కడిదాకా వచ్చిందో పోల్చుకునేవాడట. మొత్తం అరగంటలో ముగిసింది. మరుసటి ఏడాది ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక కచేరీ చేసి, ఇక ఊళ్లు తిరగడమే మానేశారు. వినేవాడికి వినపడక, పాడేవాడికీ వినపడకపోతే ఎన్నాళ్లు తిరుగుతారు?

బీటిల్సే కావాలంటే నేను 1969 జనవరి 30న లండన్‌లో ఉంటాను. సావిల్ రో వీధిలో వాళ్ల ఆఫీసు మేడ మీద, ముందు చెప్పకుండా, 42 నిమిషాలు వాయించారు. ఆఖరికి పోలీసులొచ్చారు. ఆ రోజు చలి, పైగా గాలి. గాలి హోరు మైకుల్లో పడకుండా అలన్ పార్సన్స్ అనే కుర్ర ఇంజనీరు కొట్టుకి పోయి ఆడవాళ్ల పొడుగు మేజోళ్లు కొనుక్కొచ్చి మైకులకి తొడిగాడు. ఈ సంగతి చదివిన రోజు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. మైపాడు సముద్రం ఒడ్డున ప్రోగ్రాం ఒప్పుకుంటే మేము కర్చీఫులు చుట్టేవాళ్లం. పాటగాడు 'ఇదేందయ్యా, మైకుకి జలుబు చేసిందా' అని నవ్వేవాడు. లండన్‌లోనూ మనలాంటోళ్లే ఉన్నారన్నమాట.

కింద వీధిలో నిలబడ్డవాళ్లకి ఎవరు వాయిస్తున్నారో కనపడలేదు, వినపడింది. పక్క మేడల మీదికి ఎక్కినవాళ్లకి రెండూ దక్కాయి. నాకు ఆ పక్క మేడ పిట్టగోడ చాలు.

అమెరికాలో జరిగిన వుడ్‌స్టాక్ సంగీతోత్సవం సంగతి చెప్పండి. నాలుగు లక్షల మంది అంట కదా!
— కావలి నుంచి ఒక సంగీతాభిమాని

అంటే మన రొట్టెల పండగ జనాన్ని తలుచుకోండి. వాళ్లందర్నీ న్యూయార్క్ రాష్ట్రంలో మ్యాక్స్ యాస్గర్ అనే ఆయన పాడి ఆవుల పొలంలో, 1969 ఆగస్టులో, వానలో, బురదలో కూర్చోబెట్టండి. ఇందులో మైకువాడి లెక్క ఒకటుంది. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. మీరు స్టేజికి మూడొందల మీటర్ల వెనక ఉంటే, అక్కడ కొట్టిన డ్రమ్ దాదాపు సెకను ఆలస్యంగా మీ చెవిలో పడుతుంది. కంటికొక తాళం, చెవికొక తాళం. ఇప్పుడైతే మధ్యలో టవర్లు పెట్టి, వాటికి కావలసినంత ఆలస్యం లెక్కకట్టి సరిచేస్తారు.

జిమీ హెండ్రిక్స్ గిటార్ మీద అమెరికా జాతీయ గీతం వాయించిన ఘట్టం కోసమే అందరూ వుడ్‌స్టాక్ అంటారు. అది వాయించింది సోమవారం పొద్దున. అప్పటికి జనంలో ఎక్కువ భాగం మూటాముల్లె సర్దుకుని ఇళ్లకి బయల్దేరారు. అక్కడికి వెళ్లి కూడా వినలేకపోయిన వాళ్లు లక్షల్లో ఉన్నారు. వెళ్లలేదని మనం బాధపడేదేముంది?

మన రవిశంకర్ కూడా మొదటి రాత్రి అక్కడ వానలోనే వాయించారు. ఆయన్ని వినాలనుకుంటే నేను రెండేళ్లు ఆగి 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అనే హాలుకి వెళ్తాను. బంగ్లాదేశ్ శరణార్థుల కోసం ఆయనా, బీటిల్స్‌లోని జార్జ్ హారిసనూ కలిసి పెట్టించిన కచేరీ. ఒకే రోజు రెండు ఆటలు. రవిశంకర్ సితార్, అలీ అక్బర్ ఖాన్ సరోద్, అల్లారఖా తబలా. ముగ్గురూ శ్రుతి చేసుకుని ఆపగానే హాలంతా చప్పట్లు! శ్రుతి చేసుకోవడమే మీకు ఇంత నచ్చితే వాయించేది ఇంకా నచ్చుతుందనుకుంటాను అన్నారు రవిశంకర్. నాకు ఆయన మాటల కన్నా ఆ చప్పట్లు వినాలని ఉంది. ఎగతాళి కాదు. శ్రుతి చేసుకుంటుంటే మనవాళ్లు కాఫీకి లేస్తారు. వాళ్లు కనీసం కూర్చుని విన్నారు.

మైకు బాబాయ్ గారికి నమస్కారం. ఐక్యరాజ్యసమితిలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి కచేరీని మించింది మన దేశానికి ఇంకోటి ఉందా?
— రిటైర్డ్ టీచర్, కందుకూరు

గౌరవంలో లేదు మాస్టారూ. 1966 అక్టోబర్ 23. కంచి పరమాచార్యులు రాసిచ్చిన 'మైత్రీం భజత' అక్కడ పాడారు, రాజాజీ రాసిన ఇంగ్లీషు ప్రార్థన కూడా పాడారు. కానీ రాయబారులు కోట్లు వేసుకుని కూర్చున్న హాల్లో నేనెక్కడ ఇముడుతాను చెప్పండి. పైగా ఆవిడ గొంతు మనకి అందకుండా పోలేదు. మా దగ్గర ప్రతి గుడి పండక్కీ తెల్లారుజామున మొదట పెట్టేది ఆవిడ సుప్రభాతమే. ఆ క్యాసెట్ సాగిపోయేదాకా వాడి, మళ్లీ కొనేవాళ్లం.

నేను అడిగి మరీ కూర్చోవాలనుకునే చోటు మద్రాసులో ఒక ఇల్లు. 1952లో జస్టిస్ పి.వి. రాజమన్నార్ ఇంట్లో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ వాయించారు. ఎదురుగా కూర్చున్నది యెహూది మెనుహిన్. ప్రపంచమంతా తిరిగిన వయొలిన్ విద్వాంసుడు, అదే వాయిద్యం వేరే పద్ధతిలో పట్టుకుని నేలమీద కూర్చుని వాయించే మన విజయనగరం నాయుడు గారిని విని ముగ్ధుడైపోయాడు. నాయుడు గారికి చూపు సరిగా ఉండేది కాదు. ఎదుటి మనిషి మొహంలో మెచ్చుకోలు ఆయనకి ఎంతవరకు తెలిసిందో! మెనుహిన్ ఊపిరి తీసుకోవడం మారిందా, కాలు కదిలిందా, అది కనిపెట్టడానికి నేను ఆ గదిలో ఒక మూల ఉండాలి. మైకు తీసుకురాను లెండి.

బాబాయ్, మాది కరవది. చిన మౌలానా గారు మా ఊరివారని పెద్దలు చెబుతారు కానీ మా తరానికి ఆయన గురించి ఏమీ తెలియదు. ఆయన కచేరీ మీరు కోరుకుంటారా?
— పేరు వద్దన్న పాఠకుడు

అడగవలసిన ప్రశ్న అడిగావు అబ్బాయ్. బీటిల్స్ గురించి రాసినంతసేపూ నేను దీని కోసమే చూస్తున్నాను.

షేక్ చిన మౌలానా సాహెబ్ 1924లో మీ కరవదిలోనే పుట్టారు. తరతరాలుగా నాదస్వరం ఊదే కుటుంబం. చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. అది చాలదనిపించింది. తంజావూరు బాణీ మీద మోజుతో తమిళ దేశం వెళ్లి, నాచియార్‌కోయిల్‌లో రాజం, దురైకణ్ణు అనే అన్నదమ్ముల దగ్గర మళ్లీ శిష్యుడయ్యారు. తర్వాత శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సేవలో ఉంటూ, అక్కడే పిల్లలకి నేర్పడానికి ఒక ఆశ్రమం పెట్టారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. మరుసటి ఏడాది పోయారు. ఆయన దగ్గర నేర్చుకున్న మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకి పద్మశ్రీ వచ్చింది. మన గుంటూరు, ప్రకాశం వైపు చాలా గుళ్లలో స్వామివారి ముందు ఊదేది ముస్లిం కుటుంబాలే. దాన్ని ఎవరూ వింతగా చూడలేదు. ఇప్పుడు వింతగా చూసి వార్త రాస్తున్నారంటే మారింది మనమే.

ఆయన్ని అకాడమీ హాల్లో వినాలని నాకు లేదు. నాకు కావలసింది ఊరేగింపు. స్వామి గుళ్లోంచి పల్లకిలో బయటికి వస్తుంటే మల్లారి ఊదుతారు. అందులో సాహిత్యం ఉండదు, గంభీర నాట రాగం, డోలు దెబ్బ. ఆ తర్వాత వీధి మలుపు దగ్గర పల్లకి ఆపి, తీరిగ్గా ఒక రాగం ఎత్తుకుంటారు. గడియారం చూసేవాడు ఉండడు. జనం అటూ ఇటూ తిరుగుతుంటారు, పిల్లలు బూరలు ఊదుతుంటారు, ఆ గోలలోనే తోడి రాగం మెల్లగా పైకి లేస్తుంది. నాదస్వరం తయారైందే ఆరుబయటి కోసం. రెండున్నర అడుగుల కర్ర, నోట్లో చిన్న రెల్లు ముక్క, మనిషి ఊపిరి. కరెంటు లేకుండా రెండు మూడు వీధులు దాటి వినపడుతుంది.

పెళ్లిళ్లలో నాకు ఎప్పుడూ ఇదే గొడవ. 'మేళం దగ్గర కూడా ఒక మైకు పెట్టు, డబ్బులిచ్చాం కదా' అంటారు. నేను పెట్టను. సన్నాయికి మైకు పెడితే అది తేనెటీగ చెవిలో దూరినట్టు ఉంటుంది. హారన్‌లో కింది స్వరాలు ఎట్టాగూ రావు, పైవి గీసినట్టు వస్తాయి. మేళగాళ్లు మాత్రం నా వైపు చూసి దణ్ణం పెట్టేవాళ్లు. ఆడపెళ్లివారి తరఫు ఒక పెద్దమనిషి ఇందుకే డబ్బులు తగ్గించి ఇచ్చాడు. ఇస్తే ఇచ్చాడు.

మీ ఊళ్లో పెద్దవాళ్లని అడుగు, ఆయన వచ్చి ఊదిన ఉత్సవం ఏదైనా గుర్తుందేమో. ఉంటే నాకు రాయి. ఈ శీర్షికలో వేయిస్తాను.

ఎస్పీ బాలు గారి కచేరీల్లో ఏది బాబాయ్? మన నెల్లూరు మనిషి కదా!
— గూడూరు నుంచి ఒక గృహిణి

ఏదో ఎందుకు తల్లీ, మీ గూడూరులో జరిగిందే. అప్పటికి బాలు చదువుకునే కుర్రాడు. నెల్లూరు తిప్పరాజువారి వీధిలో హరికథలు చెప్పే సాంబమూర్తి గారబ్బాయి అంటేనే తెలిసేవాడు. గూడూరులో పాటల పోటీ పెట్టారు, అతిథిగా ఎస్. జానకి గారు వచ్చారు. బాలుకి రెండో బహుమతి ప్రకటించారు. జానకి గారు ఊరుకోలేదు, మొదటిది ఈ అబ్బాయికే రావాలి అనేశారు. సినిమాల్లో ప్రయత్నించమని కూడా ఆవిడే చెప్పారు. ఈ సంగతి బాలు పెద్దవాడయ్యాక ఎన్ని సభల్లో చెప్పుకున్నారో లెక్కలేదు. 1966 డిసెంబర్ 15న మొదటి సినిమా పాట రికార్డయింది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి పాడిన పాటలతో మా హారన్లు అరిగిపోయాయి.

ఆ రోజు మొదటి బహుమతి పుచ్చుకున్నదెవరో గానీ, పాపం ఆ మనిషి పాట కూడా ఒకసారి వినాలని నాకుంది. నిజంగానే బాగా పాడాడేమో!

ఇంకొకటి. మద్రాసులో బాలుకి ఒక లైట్ మ్యూజిక్ బృందం ఉండేది. అందులో గిటార్, తర్వాత హార్మోనియం వాయించింది ఇళయరాజా. ఆయన అన్నదమ్ములు భాస్కర్, గంగై అమరన్ కూడా ఉండేవాళ్లు. ఏదో పెళ్లికో, కాలేజీ ఫంక్షన్‌కో వాళ్లు వాయిస్తుంటే భోజనాల దగ్గర 'వడ ఇటు వెయ్యి' అని అరిచిన మనుషులు ఉండే ఉంటారు. వాళ్లకి ఆ సంగతి తర్వాత తెలిసిందో లేదో. ఇళయరాజా 2025 మార్చి 8న లండన్‌లో తన సింఫనీ వినిపించారు, ఆ టికెట్ల కోసం జనం ఎగబడ్డారు. నాకు ఆ పెళ్లి భోజనమే కావాలి.

నేను ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. వెళ్లిన ప్రతి చోటా పాడైపోయిన కీబోర్డే ఇస్తారు. నాలాంటి వాడు చూడాల్సిన కచేరీ ఏదైనా ఉందా అన్నా?
— అద్దంకి

ఉంది తమ్ముడూ, నీ కోసమే జరిగినట్టు ఉంటుంది. 1975 జనవరి 24, జర్మనీలో కొలోన్ పట్టణం. కీత్ జారెట్ అనే అమెరికా పియానిస్టు, ముందు ఏమీ అనుకోకుండా అప్పటికప్పుడు వాయించే రకం. కచేరీ ఏర్పాటు చేసింది ఇరవై ఏళ్లు కూడా నిండని వేరా బ్రాండెస్ అనే అమ్మాయి. ఆయన అడిగింది పెద్ద గ్రాండ్ పియానో. స్టేజి మీద ఉన్నది రిహార్సల్స్‌కి వాడే చిన్నది, శ్రుతి తప్పింది, పెడల్స్ సరిగా పనిచేయవు. ఆయనకి నడుం నొప్పి. వాయించను అన్నాడు. ఆ పిల్ల బతిమాలింది. మెకానిక్కులు గంటల తరబడి దాని మీద పడి బాగుచేశారు. రికార్డింగ్ వాళ్లు అప్పటికే అన్నీ సర్దుకుని కూర్చున్నారు కాబట్టి కానిమ్మన్నారు. రాత్రి పదకొండున్నరకి మొదలుపెట్టాడు. పై స్వరాలు కీచుగా, కిందివి బలం లేకుండా ఉన్నాయని మధ్యనున్న మెట్లలోనే తిరిగాడు, ఎడమ చేత్తో ఒకే వరస మళ్లీ మళ్లీ మోగించాడు. ఆ రికార్డు లక్షల్లో అమ్ముడైంది.

ఇది చదివి నీ ఆర్కెస్ట్రా ఓనరు 'చూశావా, పాత కీబోర్డే మంచిది' అంటాడేమో. ఈ పేజీ ఆయనకి చూపించకు.

త్యాగరాజ స్వామి కచేరీ చేసేవారా?
— మార్కాపురం

ఇప్పటి అర్థంలో లేదు. ఉంఛవృత్తికి, అంటే బియ్యం భిక్షకి, వీధుల్లో పాడుతూ తిరిగిన మనిషి. రాజుగారి కొలువుకి రమ్మంటే పోలేదు. కానీ తంజావూరులో గురువు శొంఠి వెంకటరమణయ్య ఇంట్లో, విద్వాంసుల ముందు 'దొరకునా ఇటువంటి సేవ' ఎత్తుకుని తెల్లవార్లూ పాడారని శిష్యులు చెప్పుకుంటూ వచ్చారు. ఆ కీర్తన బిలహరి రాగంలోది. అది తెల్లవారేటప్పటి రాగం కదా, సరిగ్గా సరిపోయింది.

మీవాళ్లు మర్చిపోతుంటారు గానీ ఆయన ఇంటిపేరు కాకర్ల. అది మీ వైపు ఊరే. శ్యామశాస్త్రి పెద్దలది కంభం. సంగీత త్రిమూర్తుల్లో ఇద్దరి మూలాలు మీ దగ్గర పెట్టుకుని, కచేరీ కోసం చెన్నై బస్సెక్కుతారు మీరు.

ఘంటసాల గారి అమెరికా ప్రోగ్రాం (1971) ఎంచుకుంటారా?
— ఆత్మకూరు

అది ఎంచుకోను. 1942 ఉద్యమంలో ఆయన్ని అరెస్టు చేసి బళ్లారి దగ్గర అలీపురం జైల్లో పెట్టారు. అప్పటికి ఇరవై ఏళ్ల కుర్రాడు, సినిమా వాసన లేదు. సాయంత్రం బారకాసులో ఆ గొంతు ఎట్టా మోగి ఉంటుందో అని చాలాసార్లు అనుకున్నాను. రాతిగోడల మధ్య ప్రతిధ్వని బాగా పలుకుతుంది. అయితే లోపలికి పోవాలంటే నేను కూడా ఏదో ఒకటి చేసి అరెస్టవ్వాలి, అదే ఇబ్బంది.

అన్నయ్యా, మా అమ్మాయి చెన్నైలో జరిగే పెద్ద కచేరీకి వెళ్తానని పట్టుబట్టింది. టికెట్ వేలల్లో ఉంది. పాతవాటి గురించి ఇన్ని చెబుతున్నారు, ఇప్పటిదానికి పంపమంటారా వద్దంటారా?
— ఒక తల్లి, నెల్లూరు

పంపండమ్మా. ఇన్ని పాతవి రాశాను గానీ, వాటిలో ఒక్కదానికీ ఇప్పుడు టికెట్ దొరకదు. దీనికి దొరుకుతోంది.

కానీ టికెట్ కొనేటప్పుడు స్టేజికి ఎంత దగ్గర అన్నది ఒక్కటే చూడొద్దు. అన్నిటికన్నా ఖరీదైన ముందు వరసల్లో పక్కకి పడితే బేస్ బాక్సులు గుండెల మీద కొడతాయి, మాట తెలియదు. మైదానం మధ్యలో తెర కింద నాలాంటివాడు ఒకడు పెద్ద మిక్సర్ పెట్టుకుని కూర్చుంటాడు. అక్కడ తన చెవికి ఎట్టా వినపడితే అట్టా పాటని సరిచేస్తాడు. కాబట్టి ఆ బల్లకి కాస్త ముందో, పక్కనో ఉన్న బ్లాకు తీసుకోమనండి. తక్కువ ధరకి మంచి పాట అక్కడే.

రెండోది చెవులు. 85 డెసిబెల్స్ శబ్దంలో ఎనిమిది గంటలు ఉండొచ్చంటారు. అక్కణ్ణుంచి మూడేసి పెరిగేకొద్దీ టైము సగం అవుతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి పావుగంటే. పెద్ద కచేరీలో ఆ 100 మామూలు సంగతి. మెడికల్ షాపులో నురుగు ఇయర్‌ప్లగ్స్ దొరుకుతాయి, రెండు జతలు కొనివ్వండి. పాట వినపడదని భయపడుతుంది, వినపడుతుంది. నాకు ఆ రోజుల్లో ఎవరూ చెప్పలేదు, ఇప్పుడు కుడిచెవి వైపు కూర్చున్నవాళ్లు రెండుసార్లు మాట్లాడాలి.

మూడోది రాత్రి ప్రయాణం. ఇలాంటివి ఊరి చివర మైదానాల్లో పెడతారు. అందరూ ఒకేసారి బయటికి వస్తారు, ఆటోలు దొరకవు, ఫోన్లు కలవవు. ఆ రాత్రికి రైలు పట్టుకోవాలని టెన్షన్ పడొద్దు. చెన్నైలో బంధువుల ఇంట్లో ఉండి పొద్దున్నే రమ్మనండి. స్నేహితురాళ్లతో వెళ్తుంటే, విడిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోమనండి.

బ్లాకు ఖాయం చేసే ముందు ఆ సీట్ల పటం ఫొటో తీసి పత్రిక అడ్రసుకి పంపండి. ఏ మూల తీసుకోవాలో గుర్తుపెట్టి వెంటనే తిప్పి పంపుతాను.